పదిహేడు నిబంధనల కారులో టైపు మిషను

మదనపల్లె నుంచి కుప్పం వెళ్లి రావడాన్ని యాత్ర అంటే మా వీధిలో వాళ్లు నవ్వుతారు. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి దిగిపోయే దూరం. కానీ నేను బస్సులో వెళ్లలేదు. బాడుగ కారులో వెళ్లాను, పక్కన ఒక విద్యార్థినినీ, మా ఇద్దరి మధ్యన ఒక తెలుగు టైపు మిషనునీ కూర్చోబెట్టుకుని. ఆ కారు పెట్టిన తిప్పలు తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. కోపం వెనకాలే నవ్వూ వస్తుంది. కుప్పం చూడనివాళ్ల కోసమూ, బాడుగ కారు ఎక్కబోయేవాళ్ల కోసమూ ఇది రాస్తున్నాను.

నేను కృష్ణా జిల్లాలో పుట్టి, పెళ్లయ్యాక మదనపల్లె వచ్చినదాన్ని. తొంభైల చివరి రోజులవి. బస్టాండు వెనక సందులో, మేడ మీద నాకు టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. ఏడు ఇంగ్లీషు మిషన్లు, రెండు తెలుగు మిషన్లు, ఒక గోడ గడియారం, నా నోరు. అంతే ఆస్తి. నా నోటికి జడిసి పాసైనవాళ్లు జిల్లా అంతా ఉన్నారని మా ఆయన అంటుంటారు.

మునెమ్మ నా విద్యార్థిని. ముప్పై తొమ్మిదేళ్లు. ఒక మండలాఫీసులో అటెండరు. వాళ్లమ్మ చెనిక్కాయ, అంటే వేరుశనగ, చేలల్లో కూలికి పోయి ఆమెను పదో తరగతి దాకా చదివించింది. ఆ ఆఫీసులో టైపిస్టు కుర్చీ ఖాళీ అయింది. మునెమ్మ తెలుగు టైపు లోయర్ పరీక్ష పాసైతే ఆ కుర్చీ ఆమెదే, ఈసారి రిజల్టు వచ్చేదాకా ఫైలు ఆపుతానని ఆఫీసరు మాటిచ్చాడు. తప్పితే కుర్చీ ఇంకొకరికి పోతుంది. మునెమ్మ రిటైరయ్యేదాకా టీ గ్లాసులు మోస్తూ ఉండాలి. అప్పటికే రెండుసార్లు తప్పింది. రెండోసారి తప్పు ఆమెది కాదు. టైపు పరీక్షకు ఎవరి మిషను వాళ్లే మోసుకుపోవాలి. ఆ ఏడాది మిషనును బస్సు టాపు మీద వేశాం. కుదుపులకు లోపల కాగితాన్ని జరిపే క్యారేజీ తాడు నలిగి, పరీక్ష మధ్యలో తెగి మిషను మొరాయించింది. ఈసారి హాల్ టికెట్టు కుప్పం సెంటరుకు పడింది. బస్సు వద్దు, కారే అని నేనే పట్టుబట్టాను.

షెడ్డు దగ్గర

శనివారం పొద్దున ఆరున్నరకు ట్రావెల్స్ షెడ్డు దగ్గరికి వెళ్లాం. తెల్ల అంబాసిడర్ కారు. దూరం నుంచి చూస్తే పెళ్లికొడుకును ఎక్కించవచ్చు. దగ్గరికి వెళితే వెనక ఎడమ తలుపు బయటి నుంచి తప్ప తెరుచుకోదు. ఒక కిటికీ అద్దం కిందికి జారకుండా చెక్కముక్క దోపి ఉంది. సీటులో ఒకచోట స్ప్రింగు పైకి పొడుచుకొచ్చింది, దాని మీద గోనెపట్టా మడిచి వేశారు. హారను స్టీరింగు ఎడమకు తిప్పినప్పుడే మోగుతుంది.

"బండి బాగుండాది మేడమ్. దానికి మనం అలవాటు పడాల, అంతే," అన్నాడు డ్రైవరు రెడ్డెప్ప. యాభై ఏళ్ల మనిషి, ఇస్త్రీ చొక్కా, నుదుట విభూది. పదేళ్లుగా ఆ కారునే తోలుతున్నాడట.

మిషనును డిక్కీలో పెట్టబోతే ఓనరు అడ్డొచ్చాడు.

"డిక్కీలో ఇనుప సామాను పెట్టకూడదు మేడమ్. నాలుగో నిబంధన."

"ఇది టైపు మిషనండీ, నాగలి కాదు."

"మిషను ఇనుముతో చేసినేది కాదా? రూలు రూలే. మీరే కదా కొట్టినారు?"

ఇక్కడ నేనొక సంగతి ఒప్పుకోవాలి. ముందు సీటు వెనక, ప్రయాణికుడి మొహానికి ఎదురుగా, ఒక కాగితం అంటించి ఉంటుంది. 'ప్రయాణికులకు నిబంధనలు', పదిహేడు. ఆ పదిహేడూ మా ఇన్‌స్టిట్యూట్‌లో నా చేతులతో నేను టైపు చేసినవే. టైపు చేసి ఊరుకున్నానా? లేదు. ఓనరు రాసుకొచ్చిన చిత్తులో 'బరువు సామాను' అని ఉంటే, స్పష్టంగా లేదని 'ఇనుప సామాను' అని దిద్దాను. 'యజమాని అనుమతి లేనిదే బానెట్ ఎత్తరాదు' అనే పదకొండో వరస మిగతా వరసల పక్కన మరీ పొట్టిగా కనబడిందని 'ఎట్టి పరిస్థితుల్లోనూ' అని ముందు చేర్చాను. కాగితం నిండుగా, అందంగా వచ్చింది. ఓనరు మెచ్చుకుని టీ తెప్పించాడు కూడా.

కాబట్టి మిషను వెనక సీటులో మా ఇద్దరి మధ్య కూర్చుంది. మునెమ్మ తన పాత చీర కొంగుతో కుట్టిన ముసుగు దానికి తొడిగింది. ఒక చెయ్యి దాని మీదే వేసి కూర్చుంది, పసిపిల్లను పట్టుకున్నట్టు.

చింతచెట్టు కింద గంటన్నర

ఊరు దాటి పుంగనూరు దారి పట్టాక గాలి చల్లగా తగిలింది. రెండు పక్కలా టమాటా తోటలు, మధ్యలో రాళ్ల గుట్టలు. మా కృష్ణా జిల్లాలో ఎటు చూసినా పచ్చటి వరే గానీ నేల ఎత్తుపల్లాలు ఉండవు. ఇక్కడ నేల లేచి పడుతూ ఉంటుంది, మనుషులు దాని వెంట నడుస్తూ ఉంటారు. నాకు ఇరవై ఏళ్లుగా చూస్తున్నా తనివి తీరదు.

పది మైళ్లు పోయామో లేదో, ఒక ఎగుడు ఎక్కుతుండగా ముందు నుంచి తెల్లగా ఆవిరి లేచింది. రెడ్డెప్ప కారును పక్కకు తీసి, దిగి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"బానెట్ ఎత్తి చూడవేమయ్యా?" అన్నాను.

"పదకొండు మేడమ్," అన్నాడు. "ఓనరుకి ఫోన్ చేసి అడగల్ల."

"ఫోను ఎక్కడుంది?"

"ఎస్‌టీడీ బూతు ఆ ఊర్లో ఉండాది. రెండు మైళ్లు."

టమాటా గంపలతో పోతున్న ఒక లూనా బండి వెనక ఎక్కి రెడ్డెప్ప వెళ్లాడు. మేము చింతచెట్టు కింద కూర్చున్నాం. పక్క చేలో చెనిక్కాయ పెరుకుతున్న ఆడవాళ్లు మమ్మల్ని చూసి వచ్చారు. ఎవరు, యాడికి, ఏం పని అని అన్నీ అడిగారు. మా వైపు కొత్తవాళ్లను ఇలా అడిగితే కోపగించుకుంటారు. ఇక్కడ అడక్కపోతేనే మర్యాద తెలియదనుకుంటారు. ముసుగు తీసి మిషను చూపించమన్నారు. మునెమ్మ ఒక కాగితం ఎక్కించి, వాళ్లలో పెద్దావిడ పేరు 'వెంకటమ్మ' అని కొట్టి ఇచ్చింది. ఆవిడ ఆ కాగితాన్ని కళ్లకద్దుకుని జాకెట్టులో పెట్టుకుంది. తర్వాత మాకు ఒడి నిండా పచ్చి చెనిక్కాయలు పోసింది.

"పరీక్షలో ఇంత బాగా కొడితే సాలు మా," అంది మునెమ్మతో. మునెమ్మ నవ్వి, మిషనుకు మళ్లీ ముసుగు తొడిగింది.

గంటసేపటికి రెడ్డెప్ప వచ్చాడు. ఓనరు పూజలో ఉన్నాడట. పూజ అయ్యాక టిఫినుకు కూర్చున్నాడట. మళ్లీ చెయ్యమన్నారట. నాకు ఒళ్లు మండింది.

"రెడ్డెప్పా, ఆ వాక్యం రాసింది నేను. నేనే కొట్టేస్తున్నాను. ఎత్తు."

"మీరు కాగితం మీద కొట్టేస్తారు మేడమ్. ఉద్యోగం పోయేది నాది."

ఇంకో అరగంట చెనిక్కాయలు ఒలుచుకుంటూ కూర్చున్నాం. ఆవిరి దానంతటదే చల్లారాక, పెద్దావిడ బిందెతో నీళ్లు తెచ్చింది. బానెట్ ఎత్తింది ఆవిడే. ఆవిడకు నిబంధనలు లేవు. లోపల రేడియేటరు గొట్టానికి చీర అంచు చింపి కట్టు కట్టి ఉంది. కట్టు పాతదై చివికిపోయి నీళ్లు కారుతున్నాయి. "బండి బాగుండాది" అన్న రెడ్డెప్ప తల దించుకున్నాడు. ఆవిడే అందులో నీళ్లు పోసి మమ్మల్ని సాగనంపింది.

పుంగనూరు దగ్గర పల్లె

మునెమ్మ అన్న గంగులప్పది పుంగనూరు పక్కన పల్లె. నాలుగు ఆవులు, రెండెకరాల తోట, పాల వ్యాపారం. చెల్లెలు కారులో ఆ దారిన వెళుతోందని పాలవ్యాను వాళ్ల ద్వారా ముందే తెలిసింది. పల్లె మలుపు దగ్గర మనిషి రోడ్డు మీదే నిలబడి ఉన్నాడు. కానీ పద్నాలుగో నిబంధన ప్రకారం దారిలో బంధువుల ఇళ్ల దగ్గర కారు ఆపరాదు.

"ఆపలేను మేడమ్," అంటూ రెడ్డెప్ప ఆక్సిలేటరు తొక్కాడు. కారు ఒక దగ్గు దగ్గి, గంగులప్ప ఎదుటే ఆగిపోయింది. మళ్లీ ఆవిరి.

"నేను ఆపలేదు. అదే ఆగింది," అన్నాడు రెడ్డెప్ప. మొదటిసారి అతని మొహంలో నవ్వు కనబడింది.

గంగులప్ప మాత్రం ఆ తెల్ల కారును, అందులో చెల్లెల్ని చూసి నిలువునా కరిగిపోయాడు. ఆ వైపు ఆడపిల్ల బండి కొనుక్కుంటే ముందు పుట్టింటికి తోలుకొచ్చి పసుపు కుంకుమ పెట్టించుకుంటుంది. పెళ్లీ లేక, చావూ లేక ఆడబిడ్డ కారులో వాకిట్లోకి వచ్చిందంటే కారు కొన్నట్టే. కారును ఇంటిదాకా తోయడానికి వీధి వీధంతా వచ్చింది. మేం దిగేలోగా నారాయణమ్మ, గంగులప్ప భార్య, పళ్లెంతో సిద్ధం. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు.

మునెమ్మ మొహం ఎర్రబడింది. "మేడమ్, కాసేపు సెప్పొద్దండి," అంది నా చెవిలో. కానీ రెడ్డెప్ప నిజాయితీ మనిషి.

"ఇది బాడుగ బండప్పా," అన్నాడు అందరి ముందూ.

దిష్టి తీయడానికి గంగులప్ప పట్టుకున్న గుమ్మడికాయ చేతిలో అలాగే ఉండిపోయింది. అప్పుడు నారాయణమ్మ భర్తను పక్కకు తోసి ముందుకొచ్చింది.

"బాడుగదైతే యాల పెట్టకూడదు? మా ఆడబిడ్డ కూకోనుండే బండి కదా. ఆయమ్మ పరీక్షకి పోతాండాది. కాయ కొట్టు."

కొట్టాడు. వీధంతా చప్పట్లు. నాకు కళ్లు చెమర్చాయి. ఎందుకో తెలియదు, ఆ నారాయణమ్మను పట్టుకుని గట్టిగా కౌగిలించుకోవాలనిపించింది. కౌగిలించుకున్నాను కూడా.

బొట్లు పెట్టడానికి ముందు కారును కడగాలన్నారు. బోరు మోటారు పైపు తెచ్చి కడిగారు. గంగులప్ప పైపు ముందు జాలీలోకి పెట్టగానే లోపలి నుంచి ఊకా, ఎండుటాకులూ, ఒక పిచుక గూడూ కొట్టుకొచ్చాయి. రేడియేటరుకు గాలి తగిలి ఎన్నేళ్లయిందో! ఆయన బానెట్ ఎత్తి చీర అంచు కట్టు విప్పి పారేసి, తన మోటారుకు తెచ్చిపెట్టుకున్న కొత్త రబ్బరు గొట్టం ముక్క కోసి బిగించాడు. పదేళ్లు ఆయిల్ ఇంజన్లతో కుస్తీ పట్టిన చేతులవి. అంతసేపూ రెడ్డెప్ప వెనక్కి తిరిగి ఆవుల్ని చూస్తూ నిలబడ్డాడు.

"నేనేమీ సూడలేదు. ఆవులు బాగుండాయి," అన్నాడు.

లోపల మాకు భోజనం. ముద్దగా రాగి సంగటి, మధ్యలో గుంట చేసి నెయ్యి, చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి, అలసందల పులుసు. చివర ఓళిగలు. మా వైపు వీటిని బొబ్బట్లంటాం, మందంగా చేస్తాం. ఇక్కడివి పల్చగా, చేతిలో పట్టుకుంటే అవతలి మనిషి కనబడేట్టు ఉంటాయి. నేను నాలుగు తిన్నాను. పాలు గ్లాసులో పోస్తే మీగడ అంచుకు అంటుకుంది.

బయటికి వచ్చేసరికి మిషను అరుగు మీద ఉంది. ముసుగు తీసేశారు. నారాయణమ్మ దాని నొసట పసుపు రాసి కుంకుమ పెట్టింది. వరసగా ఇంటిల్లిపాదీ, వీధిలోవాళ్లూ వచ్చి దాని మీద అక్షింతలు వేస్తున్నారు. పరీక్షకు పోయే పనిముట్టు కదా. నేను ఆపాల్సింది. ఇరవై ఏళ్లు టైపు మిషన్లతో బతికినదాన్ని, నాకు తెలియాలి. కానీ కడుపు నిండి, మనసు నిండి ఉన్నాను. నేనూ ఒక గుప్పెడు వేశాను.

కుప్పం, సాయంత్రం

పలమనేరు దాటాక కారు పరుగెత్తింది. ఒక్కసారి ఉడకలేదు. వి.కోటలో ఉడికించిన చెనిక్కాయలు కొనుక్కుని, కారులో తినరాదన్న తొమ్మిదో నిబంధన కళ్ల ముందే తిన్నాం. రెడ్డెప్ప వెనక్కి చెయ్యి చాపి తనకూ నాలుగు అడిగాడు. గుట్టలు పెద్దవయ్యాయి, బోర్డుల మీద అరవం కనబడడం మొదలైంది.

కుప్పం నాకు నచ్చింది. ఊరి మధ్య నుంచి రైలు పోతుంది. టీ కొట్టాయన మాకు తెలుగులో నమస్కారం పెట్టి, భార్యతో అరవంలో చక్కెర అడిగి, పక్కాయనతో కన్నడంలో వాన గురించి మాట్లాడాడు. ఆ మూడూ ఆయనకు ఒకే నోటిలో ఇమిడిపోయాయి. టీ రూపాయిన్నర. మదనపల్లెలో రెండు. ఈ సంగతి రెడ్డెప్ప మూడుసార్లు చెప్పాడు.

స్టేషను దగ్గర లాడ్జిలో గది తీసుకుని, వెలుతురు ఉండగానే ఒకసారి సాధన చేద్దామని మిషను ముసుగు తీశాం. మునెమ్మ కాగితం ఎక్కించి మొదలుపెట్టింది. నాలుగో మీటకు అక్షరపు కడ్డీ లేచింది, వెనక్కి రాలేదు. ఇంకోటి నొక్కింది, అదీ రాలేదు. లోపలికి తొంగి చూశాను. అక్షరాల కడ్డీల మధ్య, స్ప్రింగుల కింద, అంతటా పసుపు అక్షింతలు. తడి పసుపు ఎండి, గింజలు ఇనుముకు అతుక్కుపోయాయి. తలకిందులు చేసి దులిపితే ఒక దోసెడు రాలాయి. కదిపితే లోపల ఇంకా గలగల.

కుప్పంలో టైపు మెకానిక్కు లేడన్నారు. మా మెకానిక్కు మదనపల్లెలో ఉన్నాడు. పొద్దున తొమ్మిదికి పరీక్ష.

మునెమ్మ నేల మీద కూర్చుండిపోయింది. "మా వదిన పిరీతిగా యేసింది మేడమ్. ఆయమ్మని ఏమీ అనొద్దండి," అంది. ఏడుపు ఆపుకుంటూ అదే మాట రెండుసార్లు అంది. నన్ను నేను తిట్టుకున్నాను. ఆ లోపల ఉన్నవాటిలో నా గుప్పెడు కూడా ఉంది. ఈసారీ మిషనే మోసం చేస్తే ఈ మనిషికి ఏం చెప్పి సముదాయించను?

తలుపు దగ్గర నిలబడి చూస్తున్న రెడ్డెప్ప వచ్చి మిషనును రెండు చేతులా ఎత్తాడు. కిందికి తీసుకెళ్లి డిక్కీ తెరిచి అందులో పెట్టాడు. నాలుగో నిబంధన అతనికి గుర్తు రాలేదు, నేనూ గుర్తు చేయలేదు. రెండు వీధుల అవతల పంక్చరు షాపు దగ్గర ఆపాడు.

షాపాయన పేరు మురుగన్. గోడ మీద బొగ్గుతో రాసి ఉంది: టైర్లకు తప్ప గాలి పట్టబడదు.

"ఇదేందప్పా?" అన్నాడు మిషనును చూసి. "దీనికి గాలి పట్టేదా? ఎన్ని పౌండ్లు?"

"లోపల గింజలుండాయి. ఊదాల," అన్నాడు రెడ్డెప్ప.

మురుగన్ గోడ వైపు వేలు చూపించాడు. "టైరుకే గాలి. ఎవరెవరో వచ్చి ఫ్యానుకి పట్టు, కుట్టుమిషనుకి పట్టు అంటే కంప్రెసరు పోతాది."

"రూలు ఉండనీలేప్పా," అన్నాడు రెడ్డెప్ప. "ఈయమ్మకి పొద్దున పరీక్ష. పాసైతే ఉద్యోగం. రాత్రికి నీ కంప్రెసరు పోతే నేను బాగుచేసిస్తా."

పొద్దున రెండు మైళ్లు పోయి ఓనరును అనుమతి అడిగిన మనిషేనా అని నేను అతని వైపు చూశాను.

మురుగన్ మునెమ్మ మొహం చూశాడు. గొట్టం తీసుకున్నాడు. గాలి బుస్సుమని లోపలికి కొట్టగానే పసుపు గింజలు నాలుగు వైపులా ఎగిరాయి. మా జుట్టులో పడ్డాయి, ట్యూబుల తొట్టిలో పడ్డాయి. పక్కింటి కోళ్లు మూడు పరుగెత్తుకొచ్చి ఏరుకు తినసాగాయి. మునెమ్మ ఒక్కో మీటా నొక్కుతుంది, అతను ఆ కడ్డీ మొదట్లో కొడతాడు, ఇంకో నాలుగు గింజలు ఎగురుతాయి, కోళ్లు తింటాయి. చూడడానికి జనం మూగారు. మునెమ్మ ముందు నవ్వు ఆపుకుంది, తర్వాత ఆపుకోలేకపోయింది. ఆ నవ్వు అందరికీ అంటుకుంది. ఎదురింటి దర్జీ చిన్న డబ్బాలో కుట్టుమిషను నూనె తెచ్చి చుక్క చుక్క వేశాడు. పొద్దుగుంకే వేళకు మిషను మెత్తగా ఆడింది. మురుగన్ ఏమీ తీసుకోలేదు, తన పేరు కొట్టి ఇమ్మన్నాడు, అంతే. మునెమ్మ కొట్టింది. గోడ మీద నిబంధన పక్కనే అతికించుకున్నాడు.

ఆదివారం పొద్దున

టైపు పరీక్ష రోజు సెంటరు పడిన బడి ముందర చూడాలి. మిషను తలమీద పెట్టుకుని వచ్చేవాళ్లు, సైకిలు మీద కట్టుకొచ్చేవాళ్లు, దుప్పటిలో మూట కట్టి ఇద్దరు మోసుకొచ్చేవాళ్లు. మా మిషను ఒక్కదానికే నొసట కుంకుమ ఉంది. గేటు దగ్గర ఉద్యోగి చూసి, "ఇది పరీక్ష రాసేదానికా, ఊరేగింపుకా?" అన్నాడు. మునెమ్మ రెండు చేతులా మిషనును పట్టుకుని లోపలికి నడిచింది.

నేనూ రెడ్డెప్పా గోడ బయట నిలబడ్డాం. ముప్పై మిషన్లు ఒక్కసారి మొదలైతే రేకుల మీద వడగళ్ల వాన పడ్డట్టుంటుంది. వరస చివర మోగే గంట ఒక్కో మిషనుది ఒక్కో రకం. మాది కొంచెం బొంగురు. ఇన్నేళ్లు విన్నదాన్ని, ఆ వానలో కూడా దాన్ని పట్టుకోగలిగాను. మోగింది. కాసేపటికి మళ్లీ మోగింది. నేను వేళ్ల మీద లెక్కపెడుతున్నాను. తొమ్మిదో గంట తర్వాత పదోది రావాల్సిన వేళకు రాలేదు.

"ఆగిందా మేడమ్?" అన్నాడు రెడ్డెప్ప.

ఆ క్షణంలో పెద్ద దేవుళ్లకీ చిన్న దేవుళ్లకీ అందరికీ దండం పెట్టుకున్నాను. అంతలో బొంగురు గంట మోగింది. ఆ తర్వాత వరసగా, ముందుకన్నా వేగంగా మోగుతూ పోయింది.

బయటికొచ్చాక మునెమ్మ చెప్పింది. ఎక్కడో మిగిలిపోయిన ఒక్క గింజ కాగితం మీద పడిందట. "ఊదేసినాను మేడమ్. ఊది మళ్లా కొట్టినాను. కాగితం మీద పసుపు సుక్క అంటింది. మార్కులు పోతాయా?"

పోవని చెప్పాను. నిజానికి నాకు తెలియదు.

మళ్లీ షెడ్డు

తిరుగు దారిలో పుంగనూరు పల్లె దగ్గర రెడ్డెప్ప తనే ఆపాడు, పద్నాలుగును పట్టించుకోకుండా. నారాయణమ్మకు అక్షింతల సంగతి మేమెవరమూ చెప్పలేదు. ఆమె మిషనును చూసి, "గింజ ఒక్కటీ లేదే, దేవుడు తీసుకున్నాడు," అంది. మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయాం.

షెడ్డు దగ్గర ఓనరు కారు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. బానెట్ మీద పసుపు, అద్దాల మీద బొట్లు, ముందు బంతిపూల దండ, డిక్కీలో అక్షింతలు.

"ఇది ఏం బండి అనుకున్నారు మేడమ్? గుడి రథమా? పెయింటు ఏం కావాల? బానెట్ ఎవురు ఎత్తినారు?"

"నేను సూడలేదు సార్. ఆవుల్ని సూస్తాంటి," అన్నాడు రెడ్డెప్ప, నిటారుగా నిలబడి.

మర్నాడే ఓనరు మా మేడ ఎక్కి వచ్చాడు. పద్దెనిమిదో నిబంధన చేర్చి కాగితం మళ్లీ కొట్టాలి. 'వాహనమునకు పసుపు, కుంకుమ, పూలు, నిమ్మకాయలు తగిలించరాదు.' నాకు చేతి నిండా పని ఉందని పంపేశాను. వారం తర్వాత వస్తే రిబ్బను లేదన్నాను. ఇంకోసారి గడియారం ఆగిందన్నాను. అలా మూడు నెలలు నెట్టుకొచ్చాను. మధ్యలో ఒకసారి ఆయనే, "ఆ బండి ఇప్పుడు ఉడకడం లేదు మేడమ్, ఏం మాయో," అన్నాడు.

రిజల్టు వచ్చిన రోజు మునెమ్మ మెట్లు రెండేసి ఎక్కి వచ్చింది. చేతిలో స్టీలు డబ్బా, అందులో వదిన పంపిన ఓళిగలు. డబ్బా నా చేతిలో పెట్టి, మిషను దగ్గరికి వెళ్లి, నొసట ఇంకా చెరగని పసుపు మీద చెయ్యి వేసి ఏడ్చేసింది. పాసైంది. మళ్లీ నాకూ ఏడుపు వచ్చింది. సరిగ్గా అప్పుడే ఓనరు కాగితంతో తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఈరోజైనా అవుతుందా మేడమ్?"

"అవుతుంది," అన్నాను. "ఈవిడ టైపిస్టు. ఈవిడ కొడుతుంది."

ఓనరు చేతిలో ఒక ఓళిగ పెట్టి కూర్చోబెట్టాను. మునెమ్మ కళ్లు తుడుచుకుని కూర్చుంది. కాగితం చూస్తూ, మీటలు చూడకుండా, గడగడా కొట్టుకుపోయింది. పదకొండు దగ్గర ఆగింది.

"మేడమ్, 'ఎట్టి పరిస్థితుల్లోనూ' ఉండాల్నా?"

"తీసెయ్."

ఓనరు ఓళిగ నములుతూ అభ్యంతరం చెప్పలేకపోయాడు. పదిహేడు అయింది. పద్దెనిమిది చూసి మునెమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఆయన వైపు తిరిగింది. మూడు నెలల క్రితం ఆఫీసులో ఎవరి ముందూ గొంతు పెంచని మనిషి.

"సార్, అన్నీ కొడతాను. ఇది మాత్రం నా సేత కాదు."

ఆయన ఆమెను చూశాడు. మిషను నొసటి పసుపును చూశాడు. చేతిలో ఓళిగ సగం మిగిలింది.

"సరేలేమా," అన్నాడు. "పదిహేడు సాల్లే."

ఆ కాగితం ఇప్పటికీ ఆ కారు ముందు సీటు వెనక అంటించి ఉంది. మీరెవరైనా మదనపల్లెలో ఆ బండి ఎక్కితే చూడండి, పదకొండో వరస మిగతావాటికన్నా పొట్టిగా ఉంటుంది.